నేలతాడి పూసిన కొండ

ఖమ్మంలో మా తండ్రిగారి దవాఖానా మూతపడి 19 ఏళ్ళు గడిచాయి. అయినా ఆ గదిలోని టేకు అలమారు, అందులో వరుసగా నిలిచిన గాజు సీసాలు నేటికీ నా కళ్ళ ముందు మెదులుతూనే ఉంటాయి. ప్రతి సీసాకూ ఉర్దూలో రాసిన చీటీ అంటించి ఉండేది. పై వరుసలో ఎడమ నుంచి మూడవ సీసా మీద ‘మూస్లీ సియాహ్’ అని ఉండేది. లోపల వేలెడు పొడవున, ముడతలు పడిన నల్లని గడ్డలు. విరిచి చూస్తే లోపలి భాగం మాసిన తెలుపు. దీర్ఘజ్వరంతో మంచం పట్టి లేచినవారు, నాలుగడుగులు వేయలేనంతగా నీరసించినవారు వచ్చినప్పుడు నాన్నగారు ఆ సీసా క్రిందికి దించేవారు. గడ్డను కల్వంలో నూరి, మరి రెండు మూడు దినుసులు కలిపి, పొట్లాలు కట్టి ఇచ్చేవారు. వచ్చేవారిలో సగం మంది పల్లెవాసులు. వారికి ఆ ఉర్దూ పేరుతో పని లేదు. ‘హకీం గారూ, ఆ నేలతాడి గడ్డ పొడి ఇవ్వండి’ అనే అడిగేవారు.

ఆ పొట్లాలు కట్టిన పిల్లవాణ్ణి నేను. పదమూడవ యేట మదర్సాలో చేరాను. దర్సె నిజామీ ముగించి, గత 30 ఏళ్ళుగా అరబీ వ్యాకరణం, ఫిఖహ్ బోధిస్తూ కాలం గడుపుతున్నాను. నాన్నగారి మరణానంతరం మా అన్నగారు దవాఖానా స్థానంలో మూలికల దుకాణం పెట్టుకున్నారు. సీసాలు అక్కడికి చేరాయి.

ఒకనాడు తరగతిలో ఇబ్నుల్ బైతార్ ప్రస్తావన వచ్చింది. స్పెయిన్ దేశంలోని మలగాలో పుట్టి, ఉత్తరాఫ్రికా మీదుగా తూర్పు దేశాలన్నీ తిరిగి, 1248లో డమాస్కస్‌లో కన్నుమూసిన ఆ విద్వాంసుడు సుమారు 1400 ఔషధ ద్రవ్యాలను అక్షరక్రమంలో ఒక గ్రంథంగా కూర్చాడు. పూర్వుల గ్రంథాలను క్షుణ్ణంగా చదివినవాడే అయినా, వాటితోనే తృప్తి చెందలేదు. మొక్క పెరిగే చోటికి స్వయంగా వెళ్ళి చూసేవాడు. డమాస్కస్ పరిసరాలలో అలా తిరిగినప్పుడు ఆయన వెంట నడిచిన శిష్యుడే, తరువాతి కాలంలో వైద్యుల జీవిత చరిత్రలు రాసి ప్రసిద్ధుడైన ఇబ్ను అబీ ఉసైబియా. ఈ సంగతి చెప్పి, మా ఇంటి సీసాల ముచ్చట కూడా జోడించాను. ముందు వరుసలో కూర్చున్న పన్నెండేళ్ళ విద్యార్థి చేయెత్తాడు.

“ఉస్తాద్, మూస్లీ సియాహ్ మొక్కను మీరు చూశారా?”

చూడలేదు. దాని గడ్డను వేల సార్లు చేతులతో పట్టుకున్నాను. ఆకు ఎలా ఉంటుందో, పువ్వు ఏ రంగులో పూస్తుందో నాకు తెలియదు. ఆ మాటే పిల్లవాడితో చెప్పి పాఠం కొనసాగించాను కాని, మనసు పాఠం మీద నిలువలేదు.

అన్నగారి కోరిక

అదే వారంలో అన్నగారి నుంచి ఫోను వచ్చింది. నల్ల మూస్లీ ధర టోకు బజారులో బాగా పెరిగిందని, దుకాణం అద్దె కట్టడమే కష్టంగా ఉందని చెప్పారు. “మారేడుమిల్లి కొండల్లో గిరిజనులు తవ్వి తెస్తారట. మధ్యవర్తి లేకుండా నేరుగా కొంటే మనకు నాలుగు రూపాయలు మిగులుతాయి. నీకు బక్రీదు సెలవులు ఉన్నాయి కదా, వెళ్ళి ఒక 20 కిలోలకు మాట్లాడి రా, తమ్ముడూ” అన్నారు. చింతూరులో జీపు నడుపుకుంటూ జీవించే నా పూర్వ విద్యార్థి ఒకడు ఉన్నాడు. అతడికి కబురు పెట్టాను. పిల్లవాడి ప్రశ్న ఒక ప్రక్క, అన్నగారి కోరిక మరొక ప్రక్క. రెండింటినీ మూట గట్టుకొని, తొలకరి జల్లులు పడుతుండగా ఖమ్మంలో బస్సెక్కాను.

కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం చేరేసరికి మధ్యాహ్నమైంది. వంతెన క్రింద గోదావరి ఇంకా బక్కగానే ఉంది. వర్షాలు ముదిరితే ఇదే నది వేరొక రూపం దాలుస్తుంది. ఇక్కడ 53 అడుగులు దాటితే మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేస్తారు. 1986లో 75 అడుగులు దాటింది, 2022 జూలైలో 71 అడుగులు దాటింది. ఆ యేడు ఇళ్ళు వదిలి వచ్చిన కుటుంబాలకు మా ఊరి యువకులు దుప్పట్లు, బియ్యం మోసుకొచ్చారు.

మా తాతగారి కాలంలో ఈ నది రెండు రాజ్యాల నడుమ ఎల్ల. ఈ గట్టున నిజాం ప్రభువు హాలీ సిక్కా, ఆ గట్టున ఆంగ్లేయుల కల్దార్ రూపాయి. మూలికల మూటతో పడవ దిగినవాడు మొదట నాణేలు మార్చుకోవలసి వచ్చేదని తాతగారు చెప్పేవారట. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా గీతలు కదలడం మానలేదు. 1953లో వరంగల్లు నుంచి ఖమ్మం జిల్లా వేరుపడింది. 1959లో తూర్పు గోదావరి నుంచి భద్రాచలం ప్రాంతం ఖమ్మంలో కలిసింది. 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు తిరిగి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాయి. భద్రాచలం ఊరు దాటి ఎటపాకలో అడుగు పెడితే రాష్ట్రం మారిపోతుంది. అడవి మాత్రం ఎక్కడా తెగదు.

చింతూరులో శబరి నది ఒడ్డున నా శిష్యుడు జీపుతో ఎదురుచూస్తున్నాడు. అక్కడి నుంచి ఘాటు దారి. ఒక మలుపులో వాన, మరొక మలుపులో ఎండ. వెదురు పొదలు, టేకు చెట్లు, రాళ్ళ మీదుగా దూకే సన్నని వాగులు. చీకటి పడేవేళకు మారేడుమిల్లి చేరాము. అక్కడి బొంగులో కోడికి గొప్ప పేరుంది. జబీహా సంగతి తెలియనందున మేము పప్పు, అన్నంతో సరిపెట్టుకున్నాము. నా శిష్యుడు ఆ పరిమళం వచ్చే దిక్కుకు రెండు మూడు సార్లు తల తిప్పి చూడడం గమనించి నవ్వుకున్నాను. ప్రయాణికులం కనుక ఇషా నమాజును ఖసర్ చేసుకొని, త్వరగా నిద్రపోయాము.

గుడిస

మారేడుమిల్లి నుంచి కొండల లోపలికి వెళితే పుల్లంగి, దానిపైన గుడిస. ఫజ్ర్ ముగించి బయలుదేరిన మేము జీపులో రెండు గంటలకు పైగా ఎక్కాము. దారి చివర అడవి ఒక్కసారిగా ఆగిపోయింది. ఎదుట ఆకాశం వరకు గడ్డి. ఒకదాని వెనుక ఒకటి గుండ్రని కొండల వీపులు. వాటి మీద చెట్టన్నది ఎక్కడో ఒకటి. పలుచని మన్ను, నిరంతరం వీచే గాలి, వేసవి మంటలు, పశువుల మేత ఇవన్నీ ఉన్న చోట చెట్టు నిలదొక్కుకోవడం కష్టం. తలవంచి బ్రతికే గడ్డికి అది అనుకూలమైన చోటు. మేఘం మా కాళ్ళ క్రింది లోయలో నుంచి పైకి ప్రాకి వచ్చి, మమ్మల్ని ముంచి, మళ్ళీ దిగిపోయింది.

పర్యాటకులు ఇక్కడికి చలికాలంలో వస్తారు. సూర్యోదయం చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు. కేరళలోని మున్నారు కొండలలో 12 ఏళ్ళకు ఒకసారి పూసే నీలకురింజిని చూడడానికి 2018లో దేశం నలుమూలల నుంచి జనం తరలి వెళ్ళారు. కొండంతా నీలి దుప్పటి కప్పుకుంటే ఎవరైనా ఆగి చూస్తారు. నేను వెదుక వచ్చిన మొక్క అటువంటిది కాదు. అరగంట తిరిగినా నాకు కనబడలేదు. నా శిష్యుడికీ తెలియదు.

చివరకు పుల్లంగి దారిలో మాకు తోడుగా వచ్చిన కొండరెడ్డి వృద్ధురాలు నా కాలి వైపు చూపించింది.

“సాయిబు గారూ, అడుగు తీయండి. దాని మీదే నిలబడ్డారు.”

ఉలిక్కిపడి ప్రక్కకు జరిగాను. గడ్డిలో గడ్డివలెనే నాలుగైదు సన్నని ఆకులు. అప్పుడే మొలిచిన తాటిమొక్క ఆకులవలె పొడవునా మడతలు తేరి ఉన్నాయి. నేలతాడి అనే పేరు ఎందుకు వచ్చిందో ఆ క్షణాన అర్థమైంది. ఆ ఆకుల మొదట్లో, మట్టికి అంటుకొని, ఆరు రేకుల పసుపు పచ్చని నక్షత్రం. నా చిటికెన వేలి గోరుకు కొంచెం పెద్దది. దానిని చూడడానికి మోకాళ్ళ మీద కూర్చొని, తల నేల దాకా వంచవలసి వచ్చింది.

ఇతర మొక్కలు పువ్వును పైకెత్తి చూపుతాయి. నేలతాడి తన సంసారాన్నంతా భూమిలోనే దాచుకుంటుంది. పువ్వు క్రింద ఉండే అండాశయం ఆకుల తొడుగుల మధ్య, మట్టి లోపల ఉంటుంది. అక్కడి నుంచి దారంవంటి సన్నని కాడ పైకి వచ్చి, చివర రేకులను విప్పుతుంది. కాయ కూడా లోపలే ముదురుతుంది. అందులో నల్లగా నిగనిగలాడే కొద్దిపాటి గింజలు. ప్రతి గింజకూ పక్షి ముక్కువంటి చిన్న కొన. పురుగు ముక్కును తలపించే ఆ కొనను చూసే, ముక్కు పురుగుకు ఉన్న లాటిన్ పేరును ఈ జాతికి పెట్టి ‘కర్క్యులిగో’ అన్నారు. 1788లో గెర్ట్‌నర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ మొక్కకు ఆ శాస్త్రీయ నామం ఇచ్చాడు.

ఈ మొక్కకు ఉన్న మరొక గుణం నన్ను మరింత ఆశ్చర్యపరచింది. వృద్ధురాలు ఒక ఆకును వ్రేలితో ఎత్తి చూపింది. వంగి నేలను తాకిన ఆకు కొన నుంచి వెంట్రుకలవంటి వేళ్ళు దిగి, అక్కడ మరొక పిల్ల మొక్క మొలిచి ఉంది. గింజ మొలిచి పెద్ద మొక్క కావడానికి చాలా కాలం పడుతుంది. అందుకే కాబోలు, సృష్టికర్త దీనికి ఈ రెండవ దారి కూడా ప్రసాదించాడు.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. ఈ కొండలు దిగి మైదానానికి వెళితే సామర్లకోట. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండు వైద్యుడు, కుంఫిణీ కొలువులో ఉండి, 18వ శతాబ్దం చివర అక్కడ తోట పెంచాడు. ఈ తీరంలోని మొక్కలను స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, వాటి తెలుగు పేర్లను అడిగి రాసుకున్నాడు. ఆ బొమ్మలలో నుంచి ఎంచి తీసిన 300 చిత్రాలతో, కోరమండల్ తీరపు మొక్కలపై మూడు సంపుటాల గ్రంథం 1795 నుంచి 1820 వరకు లండనులో వెలువడింది. మొదటి సంపుటంలోనే మన నేలతాడి ఉంది. సముద్రాలు దాటి వచ్చినవాడు దాని కోసం వంగి చూశాడు. ఖమ్మంలో పుట్టి, దాని మీద వచ్చిన ఆదాయంతో పెరిగిన నేను చూడడానికి నాకు 50 ఏళ్ళు దాటవలసి వచ్చింది.

తల ఉంచి తవ్వాలి

పువ్వు చూశాను కనుక ఇక అన్నగారి పని మొదలుపెట్టాను. “అమ్మా, ఈ గడ్డలు 20 కిలోలు కావాలి. ఎండబెట్టి ఇస్తే మంచి ధర ఇస్తాము” అన్నాను.

ఆమె వెంటనే బదులివ్వలేదు. నడుముకు దోపుకున్న మొనదేలిన ఇనుపకట్టె తీసి, ఆ మొక్క ప్రక్కన మట్టిని గుచ్చి కొంచెం కదిపింది. గడ్డ జానెడు లోతున నిలువుగా దిగి ఉంది. దానిని పైకి తీయకుండానే మట్టి కప్పేసింది.

“ఇప్పుడు తవ్వకూడదండి. పువ్వున్నప్పుడు గడ్డలో నీళ్ళే ఉంటాయి. ఎండితే చీపురుపుల్ల అవుతుంది. కార్తీకం రావాలి, ఆకు ఎండాలి. అప్పుడు తవ్వాలి. తవ్వినా తల కోసి మళ్ళీ గోతిలో పెట్టి మన్ను కప్పాలి. మా అమ్మ అలాగే చెప్పింది.”

“మరి బజారుకు ఇప్పుడు కూడా వస్తోంది కదమ్మా?”

“వస్తుందండి. షావుకారు శ్రావణంలోనే అడుగుతాడు. అప్పు ఇచ్చినవాడు అడిగితే పిల్లలు తవ్వుతారు. తల కూడా ఉంచరు. తల ఉంటే తూకం ఎక్కువ వస్తుంది కదండి. చిన్నప్పుడు మా ఇంటి వెనకాలే దొరికేది. ఇప్పుడు ఇంత పైకి రావాలి.”

ఆమె కంఠంలో నింద లేదు. వర్షం సంగతి చెప్పినట్లు చెప్పింది. కాని ఆ మాటలు వింటున్నప్పుడు నా ముందు అన్నగారి దుకాణం కనబడింది, దాని వెనుక నాన్నగారి అలమారు కనబడింది. మేము ఏనాడూ ఆ షావుకారు ముఖం చూడలేదు. ఏ మాసంలో తవ్వారు, తల ఉంచారా లేదా అని అడగలేదు. గడ్డ లావుగా ఉందా, పురుగు పట్టిందా అని మాత్రమే చూశాము. నాన్నగారు పేదల వద్ద డబ్బు తీసుకోని దయాళువు. ఆయన మీద నాకున్న గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు. అయినా, ఆ సీసా ఎలా నిండుతోందన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరి నోటా రాలేదన్నది సత్యం.

ఈ కొండలలో మామిడి పండుగ చేయనిదే కొత్త మామిడికాయ ముట్టని ఆచారం ఉంది. వారి విశ్వాసాలు వేరు, మన విశ్వాసం వేరు. కాని కాయ ముదరక ముందే చెట్టును దులపకుండా ఆపే కట్టుబాటు అందులో ఉందని ఎవరికైనా తెలుస్తుంది. మనకూ ఇటువంటి పాఠం ఉంది. మక్కా హరమ్ సరిహద్దులలో దానంతట అది మొలిచిన మొక్కను కోయరాదని ఫిఖహ్‌లో ప్రతి యేటా బోధిస్తాను. ప్రవక్త (స) ఈ నిషేధం ప్రకటించినప్పుడు, పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) ఇజ్‌ఖిర్ అనే గడ్డి ప్రజల ఇళ్ళకూ, కమ్మరులకూ అవసరమని విన్నవించగా, దానికి మినహాయింపు లభించింది. మినహాయింపు అవసరానికి లభించింది, హద్దు మాత్రం హద్దుగానే నిలిచింది. ఈ నియమం ఆ పుణ్యస్థలానికే ప్రత్యేకమైనది. గుడిస కొండకు దానిని వర్తింపజేయడం నా ఉద్దేశం కాదు. కాని అవసరాన్నీ, హద్దునూ ఒకే చోట ఎలా నిలబెట్టాలో నేర్పే పాఠాన్ని 30 ఏళ్ళు బోధించిన నాకు, ఆ పాఠం అర్థాన్ని ఇనుపకట్టె పట్టిన ఒక వృద్ధురాలు విప్పి చెప్పింది.

వచ్చేటప్పుడు ఆమె ఒక మొక్కను మట్టితో సహా పెకలించి, ఆకులో చుట్టి నా చేతికి ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. “పిల్లలకు చూపించండి” అన్నది.

తూకం

ఖమ్మం చేరాక అన్నగారి దుకాణంలో సీసా దించి, చిన్న త్రాసులో గడ్డలు వేసి లెక్కించాను. 30 గ్రాములకు తొమ్మిది గడ్డలు తూగాయి. అంటే కిలోకు మూడు వందలు. మేము కోరిన 20 కిలోలకు ఆరు వేల మొక్కలు. తల ఉంచకుండా తవ్వి ఉంటే ఆరు వేల మొక్కల వంశం అక్కడితో ఆగిపోతుంది.

అన్నగారికి నా లెక్క నచ్చలేదు. “నేను కొనకపోతే మరొకడు కొంటాడు. కొండ బాగుపడదు, మన దుకాణం మూతపడుతుంది. నెల తిరిగేసరికి మదర్సా జీతం వచ్చేవాడికి ఈ బాధ తెలియదు” అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆయనకు ముగ్గురు పిల్లలు, చిన్నమ్మాయి నర్సింగు చదువుతోంది. నేను ఒట్టి చేతులతో తిరిగి వచ్చినందువల్ల ఆ నెల ఆయన ఎక్కువ ధరకు టోకు వర్తకుడి వద్దే కొనవలసి వచ్చింది. రెండు నెలలు మా ఇద్దరి మధ్య మాటలు తగ్గాయి. ఈద్ నాడు కూడా ఒకరి ఇంటికి ఒకరం ఆలస్యం చేయకుండా వెళ్ళే మేము, ఫోనులో సలాం చెప్పుకొని ఊరుకున్నాము.

కార్తీకంలో నేనే ఆయన వద్దకు వెళ్ళాను. “భాయీజాన్, ఒక్కసారి నాతో రండి. చూసిన తరువాత మీరు ఏమి చేసినా నేను మారుమాట అనను” అన్నాను. మా వదినగారు కూడా వెళ్ళి రమ్మని ఒత్తిడి చేయగా, ఆయన బయలుదేరారు.

గుడిస అప్పటికి రంగు మార్చుకుంది. గడ్డి తేనె రంగులో ఎండి, గాలికి ఒక ప్రక్కకు వాలుతోంది. తెల్లవారుజామున మేఘాలు లోయ నిండా పాలవలె నిలిచాయి. ఆ దృశ్యం కోసం వచ్చిన యువకులు చాలామంది ఉన్నారు. కొందరు తిన్న పళ్ళేలు, నీళ్ళ సీసాలు గడ్డిలోనే వదిలివేశారు. జీపు చక్రాలు కొండ వీపు మీద కొత్త దారులు చీల్చాయి. ఆ దారుల క్రింద, ఎండిన ఆకుల మొదళ్ళలో, తొలకరి కోసం ఎదురుచూస్తూ ఎన్ని గడ్డలు ఉన్నాయో వారికి తెలియదు. తెలిస్తే ప్రక్కకు త్రిప్పి నడిపేవారేమో. కొన్ని నెలల క్రితం నేను కూడా దాని మీదే నిలబడ్డాను.

వృద్ధురాలు, ఆమె కోడలు మా ముందే తవ్వారు. ఎండి మడిచిన ఆకు మొదలును చేతితో తడిమి, ఇనుపకట్టె గుచ్చి, గడ్డను విరగకుండా తీశారు. పై భాగాన్ని రెండు అంగుళాల మేర కోసి, అదే గోతిలో నిలిపి, అరచేతితో మన్ను నొక్కారు. ఎంత ఓపిక పట్టినా పూటంతా తవ్వినది ఒక చిన్న బుట్టెడే. అన్నగారు ఒక గట్టు మీద కూర్చొని అంతా చూశారు. చివరకు ఒక గడ్డను చేతిలోకి తీసుకొని, విరిచి, వాసన చూసి, “నాన్నగారి కాలపు సరుకు ఇలా ఉండేది” అన్నారు. శ్రావణంలో తవ్విన గడ్డ ఎండాక బోలుగా మారుతుందని, దానిని ఎంత నూరినా పొడి పిప్పిగానే వస్తుందని ఆయనకు దుకాణం నడిపిన అనుభవంతో తెలుసు. కారణం మాత్రం ఆనాడు తెలిసింది.

ఆ యేడు ఆయన వారి వద్ద నాలుగు కిలోలు మాత్రమే కొన్నారు, షావుకారు ఇచ్చేదానికంటే హెచ్చు ధర ఇచ్చారు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చిన నాటి నుంచి చిన్నతరహా అటవీ ఫలసాయం సేకరించి అమ్ముకునే హక్కు గిరిజనులకు ఉంది. ఆ హక్కును ఆమె ఎరుగును. తనకు కావలసినది కార్తీకం దాకా ఆగగలిగే కొనుగోలుదారు అని, ముందుగా అప్పు పెట్టి పచ్చిగడ్డ తవ్వించేవాడు కాదని చెప్పింది. అన్నగారు తలూపారు. దుకాణంలో మిగిలిన లోటును తేనె, కరక్కాయ, ఉసిరి అమ్మకాలతో పూడ్చుకోవాలని చూస్తున్నారు. అది పూర్తిగా పూడిందని చెప్పలేను. ఇతర వర్తకులు శ్రావణంలోనే కొంటున్నారన్నదీ నిజమే. నాలుగు కిలోల లెక్క మాత్రం మా చేతిలోనిది. రేపు తీర్పు దినాన ఆ లెక్క అడిగితే జవాబు చెప్పవలసినవారం మేమే.

కుండీలో

వృద్ధురాలు ఇచ్చిన మొక్కను మదర్సా వరండా చివర కుండీలో నాటాము. చలికాలంలో ఆకులు ఎండిపోయి, కుండీ ఖాళీ మట్టిగా మిగిలింది. ‘చచ్చిపోయింది’ అని పిల్లలు తీర్మానించారు. ప్రశ్న అడిగిన ఆ పిల్లవాడు మాత్రం వుజూ చేసుకునేటప్పుడు అప్పుడప్పుడూ ఒక చెంబెడు నీళ్ళు పోసేవాడు. నీళ్ళు ఎక్కువైతే గడ్డ కుళ్ళుతుందని నేను వారించేవాణ్ణి.

ఈ యేడు తొలకరి పడిన తొమ్మిదవ నాటి ఉదయం ఫజ్ర్ తరువాత ఆ పిల్లవాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెళ్ళి చూస్తే మడతల ఆకులు రెండు మట్టిని చీల్చుకొని వచ్చాయి. వాటి మొదట్లో పసుపు పచ్చని పువ్వు విప్పుకొని ఉంది. పిల్లలంతా కుండీ చుట్టూ చేరి మోకాళ్ళ మీద వంగారు. నేను అన్నగారికి ఫోను చేశాను. దుకాణం తెరవడానికి ముందే స్కూటరు మీద వచ్చారు. 19 ఏళ్ళుగా ఆ గడ్డను తూచి అమ్ముతున్న మనిషి, కళ్ళజోడు తుడుచుకొని, పిల్లల మధ్య చోటు చేసుకొని నేల మీద కూర్చున్నారు.

చాలా సేపు చూసి, “దీనికి వాసన ఉందా?” అని అడిగారు.

ఆ సంగతి నాకూ తెలియదు. ఇద్దరమూ వంగి చూశాము.